టేకు పేరు కాదు, చేవ చూసి కొనాలి
తీర ప్రాంతాలలో ఆరుబయట పరిచే పలకల ఎంపికపై ఒక పాఠం

నెల్లూరుకు తూర్పున తోటపల్లి గూడూరు మండలంలో వరి మడులు, రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు ఒకదాని పక్కన ఒకటి సాగి కోడూరు వద్ద సముద్రాన్ని చేరుతాయి. ఈ ప్రాంతంలో ఆరుబయట వేసిన ఏ కర్ర అయినా మూడు పరీక్షలకు నిలవాలి. మొదటిది 40 డిగ్రీలు దాటే మే నెల ఎండ. రెండవది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే ఈశాన్య రుతుపవనాల వాన. మూడవది ఏడాది పొడవునా వీచే ఉప్పు గాలి. ఇంటి లోపల ఇరవై ఏళ్లు నిలిచే పలక ఇక్కడ ఆరుబయట మూడేళ్లకే మెత్తబడితే ఆశ్చర్యపడనక్కరలేదు.

అయినప్పటికీ చాలామంది కొనే పద్ధతి ఒక్కటే. అడితికి వెళ్లి కర్ర పేరు అడుగుతారు. ఘనపుటడుగు ధర అడుగుతారు. నాలుగు రూపాయలు తగ్గించమని బేరమాడి బండికెత్తిస్తారు. పేరు, ధర అనే ఈ రెండు ప్రశ్నలతో తలుపు చెక్క కొనవచ్చునేమో గాని, తీరంలో కాలు పెట్టే పలక కొనరాదు. రొయ్యల చెరువు మీద మేత పళ్లెం తీసి చూసేందుకు వేసిన పలకల బాటను తలచుకుంటే సంగతి బోధపడుతుంది. తెల్లవారకముందే భుజాన మేత బస్తాతో మనిషి దాని మీద నడుస్తాడు. కింద ఉప్పు నీరు, పక్కన కరెంటుతో తిరిగే గాలిచక్రం. అక్కడ పలక విరిగితే పోయేది పలక ఖరీదు మాత్రమే కాదు.

పలక ఎందుకు చెడుతుంది?

కర్రను చెడగొట్టేది నీరు ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఎప్పుడూ పూర్తిగా ఎండి ఉన్న కర్ర కుళ్లదు. ఎప్పుడూ గాలి తగలని బురదలో మునిగి ఉన్న కర్ర కూడా త్వరగా కుళ్లదు. తడిసి, ఆరీఆరక, మళ్లీ తడిసే కర్రే చెడుతుంది. కుళ్లు అనేది ఒక బూజు జాతి శిలీంధ్రం చేసే పని. దానికి తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే అది పెరగజాలదు. సుమారు 30 శాతం దగ్గర కర్ర పీచు నీటితో నిండుతుంది. అక్కడి నుంచి కుళ్లు చురుగ్గా సాగుతుంది. నవంబరు వానల్లో పలకల సందుల్లోను, మేకు తలల కింద, దూలం మీద పలక ఆనిన చోట నిలిచే నీరు ఈ అవకాశం కల్పిస్తుంది. అందువల్లనే పలక నడుమ గట్టిగా కనిపిస్తున్నా కొసలు, మేకుల చుట్టూ ముందుగా మెత్తబడతాయి.

రెండవ శత్రువు చెద. భూమిని తాకిన స్తంభం గుండా పైకెక్కి పలకలను లోపలి నుంచి తింటుంది. మూడవది పుచ్చు పురుగు. కర్రలోని పిండి పదార్థం కోసం చేరి, కింద మెత్తని పొడి రాలుస్తుంది. ఇవిగాక పాటు నీటిలో నాటిన స్తంభాలకు నావపురుగు బెడద ఉంది. పైకి చిన్న రంధ్రం మాత్రమే చూపి లోపల గుల్ల చేసే ఈ పురుగు వల్ల, కాలువ నోళ్లలో కర్ర స్తంభాలు నాటడం తెలివైన పని కాదు. అక్కడ సిమెంటు స్తంభాలే తగినవి. పలకల ఎంపిక నీటి మట్టానికి పైనున్న భాగానికే పరిమితం కావాలి.

చేవ అంటే ఏమి?

దుంగను అడ్డంగా కోసి చూస్తే రెండు భాగాలు కనిపిస్తాయి. లోపల ముదురు రంగులో ఉన్నది చేవ. దాని చుట్టూ లేత రంగులో ఉన్నది తెల్లచెక్క. చెట్టు బతికి ఉన్నంతకాలం వేరు నుంచి ఆకుకు నీరు మోసేది తెల్లచెక్క. పిండి పదార్థం నిలవ ఉండేది కూడా అందులోనే. చెట్టు ముదిరేకొద్దీ లోపలి కణాలు నీరు మోయడం మానుకుంటాయి. అప్పుడు వాటిలో నూనెలు, వగరు పదార్థాలు, రంగులు చేరుతాయి. బూజుకు, పురుగుకు గిట్టని ఈ పదార్థాలే చేవకు ఆయుష్షునిస్తాయి.

డెహ్రాడూన్‌లో 1906లో ఏర్పడిన అటవీ పరిశోధన సంస్థ వివిధ కలపల ముక్కలను భూమిలో పాతి, అవి చెద, కుళ్లులకు ఎన్నాళ్లు ఆగుతాయో పరీక్షించింది. ఆ ఫలితాలను బట్టి మన దేశపు కలపలను మూడు తరగతులుగా విభజించారు. 120 నెలలు, ఆపైన నిలిచినవి మొదటి తరగతి. 60 నుంచి 120 నెలల వరకు నిలిచినవి రెండవ తరగతి. 60 నెలల లోపే పోయినవి మూడవ తరగతి. టేకు, గుగ్గిలం మొదటి తరగతిలోనివి. మామిడి, బూరుగ మూడవ తరగతిలోనివి.

ఇక్కడ కొనుగోలుదారు గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఈ తరగతులు చేవకు వర్తించేవే గాని తెల్లచెక్కకు వర్తించవు. తెల్లచెక్క ఏ చెట్టుదయినా ఒకటే తీరు, త్వరగా చెడేదే. టేకులోని తెల్లచెక్క కూడా ఆరుబయట మామిడి చెక్క వలెనే పోతుంది. కనుక టేకు ధర ఇచ్చి తెల్లచెక్క కొన్నవారు మామిడి ఆయుష్షును టేకు ధరకు కొన్నట్టే.

నేటి బజారులో టేకు

పూర్వం ఆంధ్ర దేశపు అడితీలకు గోదావరి అడవుల టేకు, ఆదిలాబాదు టేకు, రేవుల గుండా బర్మా టేకు వచ్చేవి. అవి చాలావరకు ముదురు చెట్ల దుంగలు. ఈ పరిస్థితి మారింది. బర్మా, అంటే నేటి మయన్మార్, ముడి దుంగల ఎగుమతిని 2014 ఏప్రిల్ 1 నుంచి నిలిపివేసింది. ఇప్పుడు దిగుమతి అయ్యే టేకులో పెద్ద భాగం ఆఫ్రికాలోని ఘనా, టాంజానియా వంటి దేశాల నుంచి, దక్షిణ, మధ్య అమెరికాలలోని ఈక్వెడార్, పనామా, బ్రెజిల్ వంటి దేశాల నుంచి వస్తున్నది. అది నాటి పెంచిన తోటల టేకు. గుజరాత్‌లోని కాండ్లా రేవు, దానిని ఆనుకొన్న గాంధీధామ్ ఈ దిగుమతి కలపకు దేశంలోకెల్ల పెద్ద కేంద్రం. రాష్ట్రంలో రైతులు పొలం గట్ల మీద, తోటలుగా పెంచిన టేకు కూడా అడితీలకు చేరుతున్నది.

తోటల టేకు చెడ్డదని కాదు. చెట్టు జాతి అదే, చేవ స్వభావం అదే. అయితే త్వరగా ఎదిగి, త్వరగా నరికిన దుంగలో చేవ పాలు తక్కువ, తెల్లచెక్క పాలు ఎక్కువ. ఈ తేడా ఎంతటిదో లెక్క వేస్తే గాని తెలియదు.

దుంగ లెక్క

కలప వ్యాపారంలో దుంగను నాలుగో వంతు చుట్టుకొలత పద్ధతిన కొలవడం వాడుక. చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చిన దానిని దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చిస్తారు. ఉదాహరణకు చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు గల దుంగకు నాలుగో వంతు 12 అంగుళాలు, అంటే 1 అడుగు. కొలత 10 ఘనపుటడుగులు. నిజానికి గుండ్రని దుంగలో సుమారు 12.7 ఘనపుటడుగుల కర్ర ఉంటుంది. ఆ తేడా రంపపు కోతలో పోయే ముక్కలు, పొట్టు కింద కొనేవారికి వదిలినదన్నమాట. ఈ పద్ధతి తెలియనివారు ఒక అడితిలో దుంగ ధరను మరొక అడితిలో కోసిన పలక ధరతో పోల్చి మోసపోతారు.

ఇప్పుడు చేవ లెక్క చూడాలి. బెరడు తీసిన రెండు దుంగలున్నాయనుకుందాం. ఒకదాని చుట్టుకొలత 36 అంగుళాలు, రెండవ దానిది 72 అంగుళాలు. రెంటిలోనూ తెల్లచెక్క చుట్టూ ఒకటిన్నర అంగుళాల మందాన ఉన్నదనుకుందాం.

మొదటి దుంగ అడ్డుకొలత సుమారు 11.5 అంగుళాలు. రెండు వైపులా తెల్లచెక్క తీసివేస్తే చేవ అడ్డుకొలత 8.5 అంగుళాలు. వైశాల్యంలో చేవ సుమారు 55 శాతం మాత్రమే.

రెండవ దుంగ అడ్డుకొలత సుమారు 22.9 అంగుళాలు. చేవ అడ్డుకొలత 19.9 అంగుళాలు. వైశాల్యంలో చేవ 75 శాతం పైచిలుకు.

సన్న దుంగ ఘనపుటడుగు ధర 100 అనుకుంటే, అందులో చేవ ఒక్కదాని ధర 182 పడుతుంది. లావు దుంగ ధర 30 శాతం ఎక్కువై 130 ఉన్నా, అందులో చేవ ధర 172 మాత్రమే. ఎక్కువ ధర పలికిన దుంగే చవక అయింది. సన్న దుంగ కోతలో వృథా కూడా ఎక్కువ గనుక అసలు తేడా ఇంతకంటె పెద్దదే. ఇంటి లోపలి అల్మారాలకు, మందు పట్టించి బయటి చట్రాలకు తెల్లచెక్క పనికివస్తుంది. అది పూర్తిగా దండగ కాదు. ఆరుబయట పలకకు మాత్రం లెక్కలోకి రాదు.

అడితిలో చూడవలసినవి

కోసిన పలకను కొనేటప్పుడు నాలుగు అంచులూ, రెండు కొసలూ తిప్పి చూడాలి. తెల్లచెక్క పలక అంచున లేత చారగా కనిపిస్తుంది. కొసన కోత గీతల మురికి ఉంటే చిత్రికతోనో ఉలితోనో కొంత గీకించి, నీటితో తడిపి చూస్తే చేవకూ తెల్లచెక్కకూ మధ్య గీత స్పష్టపడుతుంది. పైన రంగు పూసిన పలకను గీకకుండా కొనరాదు. దుంగ నడిబొడ్డు వచ్చిన పలకను కూడా విడిచిపెట్టాలి. ఆరేకొద్దీ అది బొడ్డు వెంట చీలుతుంది. కణుపులు పలక అంచున ఉంటే బలం తగ్గుతుంది. నడుమనున్న చిన్న గట్టి కణుపు వల్ల అంత నష్టం లేదు.

పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే దూలాలు, పలకలు మంచి సరుకే. దశాబ్దాలుగా ఆరినవి గనుక ఇక ముడుచుకోవడం, వంగడం తక్కువ. వాటిలో పాత మేకులు, పుచ్చు రంధ్రాలు, గోడలో దూరిన కొసల వద్ద కుళ్లు చూసుకోవాలి. ఏది కొన్నా బిల్లు తీసుకోవడం అవసరం. కలప రవాణాకు అటవీ శాఖ నిబంధనలున్నాయి. ఎర్రచందనం గట్టిదని, చెద పట్టదని వినికిడి ఉన్నా, అనుమతులు లేకుండా అది చట్టరీత్యా కొని వాడదగిన సరుకు కాదు. ఆ పేరుతో ఎవరయినా పలక చూపితే దూరంగా ఉండడమే క్షేమం.

ఏ కలప ఎట్లాంటిది?

టేకు: నూనెతో కూడిన చేవ. ఆరేటప్పుడు తక్కువ ముడుచుకొంటుంది, వంకర తిరగదు. ఎండలో ఏడాది ఉంటే పైన బూడిద రంగు వస్తుంది. అది పైపొర మార్పే గాని చెడిపోవడం కాదు. ఆరుబయట పలకకు దీనిని మించినది అరుదు.

వేగిస: బరువైనది, మన్నిక గలది. తడిసినప్పుడు రంగు దిగుతుంది. దీని కర్రతో గ్లాసులు చేసి మధుమేహానికని అమ్మడం, అందులో పోసిన నీరు రంగు మారడం తెలిసిన సంగతే. తెల్లని సిమెంటు నేల మీద వేస్తే మొదటి వానలకు మరకలు పడతాయి.

గుగ్గిలం, నల్లమద్ది: బలానికి పెట్టింది పేరు. పలకల కంటె కింది దూలాలకు బాగా తగినవి. రెండూ నెమ్మదిగా ఆరాలి. ఎండలో తొందరపడి ఆరబెడితే పగుళ్లు వస్తాయి. నల్లమద్ది మన్నిక గుగ్గిలం కంటె తక్కువ.

నల్లతుమ్మ, వేప: పల్లెలలో దొరికేవి. తుమ్మ చేవ బండి చక్రాలకు పేరు పడిన గట్టి కర్ర. పొడవాటి తిన్నని పలకలు దొరకడం కష్టం. చిన్న మెట్లకు, అడ్డపట్టెలకు వాడవచ్చు. ఈ రెంటిలోనూ తెల్లచెక్కను విడిచి వాడాలి.

మామిడి: చవక, దొరుకుబడి ఎక్కువ. మందు పట్టించకుండా ఆరుబయట వేస్తే నిలవదు. సెంట్రింగు పలకగా నాలుగు నెలలు పనిచేసిన అనుభవాన్ని చూసి చెరువు మీద వేయడం అపాయం.

సరుగుడు: మండలంలోనే పెరిగేది గనుక చేతికందే కర్ర. నిలువు గుంజలుగా, షెడ్డు చట్రంగా, వంటచెరకుగా దీనికి గిరాకీ ఉంది. గట్టిదే అయినా కోసి ఆరబెడితే చీలుతుంది, మెలి తిరుగుతుంది. భూమిలో పాతితే త్వరగా పోతుంది. గట్టితనం వేరు, మన్నిక వేరు అనడానికి సరుగుడు మంచి ఉదాహరణ.

తాడి: ఇందులో లెక్క తలకిందులు. మిగతా చెట్లలో చేవ నడుమ ఉంటే, తాటిలో చేవ బయటి అంచున ఉంటుంది. ముదురు చెట్టు మొదలు భాగంలో, బెరడును ఆనుకొని నల్లని పీచుతో ఉన్న పొరే గట్టిది. నడుమ అంతా మెత్తని బెండు. పెద్దలు తాటి దూలాలను మొదలు భాగం నుంచి చీల్చి, మెత్తని లోపలి భాగం చెక్కి వాడింది ఇందుకే. ముదురు తాటి చేవతో చేసిన దూలాలు నేటికీ మంచివే. లేత తాడి, పైకొన ముక్క ఎంత చవకయినా పనికిరాదు.

మందు పట్టించిన కలప

మామిడి, రబ్బరు కర్ర, పైను వంటి తక్కువ మన్నిక గల కలపలకు మందు పట్టించి వాడడం ఒక మార్గం. బ్రష్షుతో పూసినది మందు పట్టించినట్టు కాదు. మందు లోపలికి దిగాలంటే, గాలి తీసివేసిన ఇనుప గొట్టంలో ఒత్తిడి మీద పట్టించాలి. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన మందు ఇంటి లోపల పుచ్చు పురుగును ఆపుతుంది. అది వానకు కడుక్కుపోతుంది గనుక ఆరుబయట పలకకు చాలదు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు వానకు పోదు. ఆర్సెనిక్ కారణంగా అమెరికాలో ఇళ్ల వాడకానికి దీనిని 2003 చివరితో ఆపివేశారు.

రొయ్యల చెరువుల వారికి ఇక్కడ ప్రత్యేకమైన హెచ్చరిక ఉంది. రాగి రొయ్య జాతికి విషం. రాగి మందు పట్టించిన కొత్త పలకను చెరువు నీటి మీద వేయడం మంచిది కాదు. వాడిన ఇంజన్ ఆయిలు పూయడం కొన్నిచోట్ల వాడుకలో ఉంది. అది లోపలికి దిగదు సరికదా, ఎండకు కారి చెరువులో పడుతుంది. నీటి మీది బాటకు మందు అవసరం లేని చేవ పలకే తగినదనడానికి ఇది మరొక కారణం. మందు పట్టించిన ముక్కలను వంటచెరకుగా కాల్చడం ఎంతమాత్రం పనికిరాదు.

ప్లైవుడ్, ప్లాస్టిక్ పలక, రాయి

ఐ.ఎస్. 710 ముద్ర గల మెరైన్ ప్లైవుడ్ జిగురు నీటికి ఊడిపోదు. ఇది నిజమే. కాని జిగురు ఆగడం వేరు, పొరల చెక్క ఆగడం వేరు. ఎండకు పైపొర పగిలి, కోసిన అంచుల గుండా నీరు దిగుతుంది. పైన ఫైబర్ పూత లేకుండా ప్లైవుడ్‌ను ఆరుబయట నేలగా వేయరాదు. తీరంలో చేపల పడవలు కర్ర నుంచి ఫైబరుకు మారడానికి కూడా కర్రను నీటికి అందకుండా ఉంచడంలోని శ్రమే ఒక కారణం.

కర్ర పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలకు చెద పట్టదు. రంగు వేయనక్కరలేదు. అయితే మూడు సంగతులు తెలుసుకొని కొనాలి. అవి కర్ర కంటె మెతక గనుక కింద దూలాలు దగ్గర దగ్గరగా వేయాలి. ఎండకు పొడవులో సాగుతాయి. 12 అడుగుల పలక 30 డిగ్రీల వేడి తేడాకు నాలుగైదు మిల్లీమీటర్లు పెరగవచ్చు. కనుక కొసల వద్ద ఖాళీ వదలాలి. ముదురు రంగు పలకలు మధ్యాహ్నపు ఎండలో బాగా కాలుతాయి. చెప్పులు విడిచి తిరిగే మన వాకిళ్లలో ఇది చిన్న విషయం కాదు.

నేలను ఆనుకొన్న అరుగుకు అసలు కలపే అవసరం లేదు. కడప బండ, సిమెంటు చాలు. నేలకు ఎత్తుగా, కింద గాలి ఆడే చోటనే పలక నిలుస్తుంది. నేలకు జానెడు ఎత్తున, గాలి ఆడని చోట పరిచిన టేకు కూడా త్వరగా చెడుతుంది.

తేమ, సందు

పలక ఎంత ఆరిందో చేతితో తట్టి చెప్పడం నమ్మదగినది కాదు. ఒక చిన్న ముక్కను కొసకు జానెడు లోపల కోయించి తూచాలి. తరువాత 100 డిగ్రీలు దాటిన పొయ్యిలో, బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి మళ్లీ తూచాలి. మొదట 230 గ్రాములు ఉండి, ఆరాక 200 గ్రాములు అయితే పోయిన నీరు 30 గ్రాములు. దానిని ఆరిన బరువుతో భాగిస్తే తేమ 15 శాతం. తీర ప్రాంతపు ఆరుబయట పనికి ఇది తగిన తేమ. 25, 30 శాతం తేమతో ఉన్న పలకను బిగిస్తే మే నెలలో సందులు తెరుచుకొని, పలకలు దోనె వలె వంగుతాయి. పచ్చి పలకను నీడలో, ఒకదానిపై ఒకటి అడ్డపుల్లలు పెట్టి, కొసలకు రంగు గాని మైనం గాని పూసి కొన్ని నెలలు ఆరనివ్వాలి.

బాగా ఆరిన పలకలను మే నెలలో సందు లేకుండా బిగించడం కూడా తప్పే. నవంబరులో తేమ పీల్చి అవి వెడల్పున పెరుగుతాయి. ఆరు అంగుళాల టేకు పలకలో తేమ ఆరు శాతం పెరిగితే వెడల్పు మిల్లీమీటరున్నర, రెండు మిల్లీమీటర్లు పెరగవచ్చు. ఇతర కలపల్లో ఇంకా ఎక్కువ. పలకకు పలకకు నడుమ సుమారు 6 మిల్లీమీటర్లు, అంటే రమారమి పెన్సిలు మందం సందు వదిలితే పెరగడానికి చోటు ఉంటుంది, వాన నీరు కిందికి జారిపోతుంది. ఎనిమిది అంగుళాల వెడల్పు పలక కంటె నాలుగు అంగుళాల పలక ఈ పనికి మేలు.

దూలాలు, మరమేకులు

ఒక అంగుళం మందం పలకకు దూలాల నడుమ దూరం 16 అంగుళాలు దాటనివ్వకూడదు. దూలం పైముఖాన తారు అట్ట పట్టీ పరిచి పలక బిగిస్తే, మేకు రంధ్రం గుండా దిగే నీరు దూలాన్ని చెడగొట్టదు. స్తంభాన్ని భూమిలో పాతకుండా సిమెంటు దిమ్మె మీదనో రాతి మీదనో నిలపాలి.

ఉప్పు గాలికి మామూలు ఇనుప మేకు తుప్పు పట్టి, చుట్టూ కర్రను కూడా తింటుంది. వగరు గల కలపలో ఇనుము నల్లని మరకలు చేస్తుంది. తీరంలో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మరమేకులు వాడదగినవి. ఇందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్నందున ఉప్పుకు ఎక్కువ ఆగుతుంది. వంటపాత్రలకు వాడే 304 రకం కూడా ఈ గాలికి చారలు పడుతుంది. చేవ పలకకు ముందుగా రంధ్రం చేసి మరమేకు బిగించాలి. లేనిచో కొసలు చీలుతాయి.

ఏటి లెక్క

20 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల చెరువు బాటకు పలకలు అడ్డంగా వేస్తారనుకుందాం. నాలుగు అంగుళాల వెడల్పు, అంగుళం మందం, మూడు అడుగుల పొడవు గల పలక కొలత, అడుగుల పొడవును అంగుళాల వెడల్పుతో, మందంతో హెచ్చించి 144తో భాగిస్తే తెలుస్తుంది. ఒక్కొక్కటి 0.083 ఘనపుటడుగు. సందు లేకుండా 60 పలకలు, మొత్తం 5 ఘనపుటడుగులు. సందు లెక్కిస్తే 56, 57 పలకలు చాలు.

చవక పలకల ఖరీదు 1 పాలు, బిగింపు కూలి, మేకుల ఖర్చు మరొక 1 పాలు, ఆయుష్షు 2 ఏళ్లు అనుకుందాం. పన్నెండేళ్లలో ఆరు సార్లు మార్చాలి. మొత్తం ఖర్చు 12 పాళ్లు. చేవ పలకల ఖరీదు నాలుగు రెట్లు, బిగింపు ఖర్చు 1 పాలు, ఆయుష్షు 12 ఏళ్లు అయితే మొత్తం 5 పాళ్లు. చేవ పలకలు ఆరేళ్లే నిలిచి రెండుసార్లు వేయవలసి వచ్చినా ఖర్చు 10 పాళ్లే. ఎవరి బజారు ధరలు వారు ఈ లెక్కలో వేసుకోవచ్చు. కూలి, మేకుల ఖర్చు పెరిగేకొద్దీ చవక పలక మరింత ఖరీదవుతుంది. చవక పలక విరగబోయే రోజు ఏదో చెప్పి విరగదు. ఆ నష్టం లెక్కలో వేయనేలేదు.

వేసిన తరువాత

చేవ పలక వేశామని మరచిపోరాదు. ఎండకు పొరలుగా లేచే వార్నిషు కంటె లోపలికి ఇంకే నూనె మేలు. నూనె వేయకపోయినా టేకు నిలుస్తుంది, రంగు మాత్రమే మారుతుంది. వానాకాలంలో నీడ పడే పలకల మీద పాచి పట్టి జారుతుంది. కొబ్బరి పీచుతోనో గట్టి బ్రష్షుతోనో తోమి పాచి తీయాలి.

ఏటేటా సంక్రాంతి నాటికి, వానలు వెనుకబడిన తరువాత ఒక పరీక్ష తప్పనిసరి. మరమేకులు తిప్పే స్క్రూడ్రైవరు మొనతో ప్రతి పలక కొసను, మేకుల చుట్టూ, దూలం ఆనిన చోట గుచ్చి చూడాలి. మొన ఆగితే పలక మంచిది. మెత్తగా దిగితే పైకి ఎంత నిగనిగలాడుతున్నా ఆ పలకను ఆ రోజే మార్చాలి. దూలం మెత్తబడితే దాని మీది నడక ఆపివేయాలి.

అడితిలో ఘనపుటడుగు ధర అడగడం తప్పు కాదు. దానితోపాటు మరి మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకోవాలి. ఈ పలకలో తెల్లచెక్క ఎంత? తేమ ఎంత? ఈ ధర దుంగ కొలతదా, కోసిన పలకదా? ఈ మూడింటికి సరైన జవాబు ఇచ్చి, పలకను గీకి చూడనిచ్చే వ్యాపారి వద్ద నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టడం నష్టం కాదు. ఆ నాలుగు రూపాయలే పన్నెండేళ్ల తరువాత కూడా తెల్లవారుజామున మేత బస్తాతో నడిచే మనిషి పాదాల కింద నిలుస్తాయి.